ఇనుప తెర దాటిన సైకిల్

పోలండ్ సైక్లింగ్ గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే పేరు రిషార్డ్ షుర్కోవ్‌స్కి. అందులో అన్యాయమేమీ లేదు. గెలుపులే కొలమానమైతే ఆయన పక్కన నిలబెట్టదగ్గవాళ్లు ఆ దేశంలో బహు కొద్దిమంది. అయితే పతకాల లెక్క కాసేపు పక్కన పెట్టి, పోలండ్‌లో సైకిల్ పందేలు ఈనాడున్న స్థితికి ఎవరు ఎక్కువ కారకులని అడిగితే నేను మరో పేరు చెబుతాను. చెస్వాఫ్ లాంగ్. టూర్ డి ఫ్రాన్స్ గెలవలేదు, జిరో డి ఇటాలియా గెలవలేదు, ప్రపంచ చాంపియన్ కాలేదు. ఒలింపిక్స్‌లో ఒకసారి రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అయినా ఆయన జీవితాన్ని పక్కన పెట్టి గత యాభై ఏళ్ల పోలండ్ సైక్లింగ్ చరిత్ర రాయడం కుదరదు.

లాంగ్ 1955 మే 17న ఉత్తర పోలండ్‌లోని పొమెరేనియా ప్రాంతంలో, కొల్చిగ్వోవి అనే పల్లెలో పుట్టాడు. ఆ తరం పిల్లలకు సైకిల్ రేసంటే ఒక్కటే రేసు. మే నెలలో జరిగే శాంతి రేసు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1948లో, వార్సా, ప్రాగ్ నగరాల మధ్య అది మొదలైంది. రెండు దేశాల కమ్యూనిస్టు పార్టీ పత్రికలు కలిసి నడిపాయి. 1952లో తూర్పు జర్మనీ చేరడంతో బెర్లిన్ కూడా ఆ దారిలోకి వచ్చింది. పికాసో గీసిన పావురం దాని గుర్తు. పేరు శాంతి రేసే కానీ రోడ్డు మీద శాంతి ఎక్కడా కనిపించేది కాదు. పోలిష్ జనానికి అది ముఖ్యంగా సోవియట్ రైడర్లను ఓడించే అవకాశం. నోరు తెరిచి అనలేని మాటలెన్నో స్టేడియంలో కేకలుగా బయటపడేవి. 1956లో స్తానిస్వాఫ్ క్రూలాక్ ఆ రేసు గెలిచిన తొలి పోలండ్ పౌరుడయ్యాడు. దారిలో ఆయన సోవియట్ రైడర్‌ని సైకిల్ పంపుతో కొట్టాడని ఒక కథ దేశమంతా పాకింది. నిజమో కాదో తేల్చుకోవాలని ఎవరికీ లేదు. అలాంటి కథ కావాలని మాత్రం అందరికీ ఉండేది.

ఆ రోజుల్లో పోలండ్ వీధుల్లో పిల్లలు సోడా సీసా మూతలతో ఒక ఆట ఆడేవారు. పేవ్‌మెంటు మీద సుద్దతోనో, ఇసుకలో వేలితోనో మెలికలు తిరిగే దారి గీసేవారు. ప్రతి మూతలో ఒక దేశపు జెండా బొమ్మో, ఒక రైడర్ పేరో అతికించేవారు. వంతులవారీగా మూతను వేలితో మీటి ముందుకు పంపాలి. గీత దాటితే వెనక్కి రావాలి. ఆ మూతల్లో షుర్కోవ్‌స్కి పేరున్న మూత ఎవరికి దక్కాలన్న దాని మీద తగాదాలయ్యేవి. ఒక క్రీడ జనంలో ఎంత లోతుకు ఇంకిందో తెలుసుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం కనిపించదు.

షుర్కోవ్‌స్కి శాంతి రేసును నాలుగుసార్లు గెలిచాడు, 1970, 1971, 1973, 1975లలో. 1973లో బార్సిలోనాలో అమెచ్యూర్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ రోజు రెండో స్థానం కూడా పోలండ్‌దే, స్తానిస్వాఫ్ షోజ్దాది. ఒక జాతీయ పోటీలో సైకిల్ చెడిపోయిన తన ప్రత్యర్థికి సొంత సైకిల్ ఇచ్చాడు. ఆ ప్రత్యర్థే గెలిచాడు. ఆ పనికి ఆయనకు అంతర్జాతీయ ఫెయిర్ ప్లే పురస్కారం దక్కింది. ఇంత చేసినా ఆయన ఒక్కరోజు కూడా వృత్తి సైక్లిస్టుగా లేడు. ఉండే వీలే లేదు. 1974లో పారిస్-నీస్ రేసుకు పోలండ్ జట్టుకు ఆహ్వానం వచ్చినప్పుడు మెర్క్స్ లాంటి దిగ్గజాల సరసన పోటీపడి తన సత్తా చూపించాడు. రేసు అయ్యాక మళ్లీ ఇంటికి రావాల్సిందే.

ఇక్కడ ఆనాటి వ్యవస్థ గురించి కొంచెం చెప్పాలి. పశ్చిమ ఐరోపాలో సైక్లిస్టుకు కంపెనీ జీతమిచ్చేది. అతని చొక్కా మీద ఆ కంపెనీ పేరుండేది. తూర్పు కూటమి దేశాల్లో అధికారికంగా వృత్తి క్రీడాకారులే లేరు. రైడర్ పేరు ఏదో సైనిక క్లబ్బులోనో, గని కార్మికుల క్లబ్బులోనో ఉంటుంది. కాగితాల మీద అతను సిపాయి, లేదా కార్మికుడు. వాస్తవంలో ఏడాది పొడవునా సైకిల్ తొక్కడమే అతని పని. ఈ లెక్క వల్ల రాజ్యానికి లాభముంది. ఒలింపిక్స్‌లో వృత్తి సైక్లిస్టులకు 1996 దాకా ప్రవేశం లేదు కనుక, పశ్చిమ దేశాలు పంపే కుర్రాళ్ల మీద తూర్పు దేశాలు ముప్పై ఏళ్ల పండిన రైడర్లను దింపేవి. నష్టం రైడర్‌ది. ప్రపంచంలోకెల్లా పెద్ద రేసులు అతనికి రేడియోలో వినే కబుర్లుగానే మిగిలిపోయేవి. షుర్కోవ్‌స్కి టూర్ డి ఫ్రాన్స్‌లో దిగి ఉంటే ఏం చేసేవాడన్న ప్రశ్న పోలండ్‌లో ఇప్పటికీ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా చేసినందుకు ఆ వ్యవస్థను క్షమించడం నాకు కష్టం.

లాంగ్ సొంత ప్రాంతంలోని బితూఫ్ పట్టణపు క్లబ్బులో మొదలుపెట్టి, సైన్యానికి చెందిన వార్సా లెగియా దాకా ఎదిగాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నాటికి వయసు 21. అక్కడ వంద కిలోమీటర్ల జట్టు టైమ్ ట్రయల్‌లో పోలండ్ తరఫున తదేఉష్ మిత్నిక్, మ్యెచిస్వాఫ్ నొవిత్స్కి, స్తానిస్వాఫ్ షోజ్దా, ముప్పై ఏళ్ల షుర్కోవ్‌స్కి దిగారు. ఇప్పుడు ఒలింపిక్స్‌లో లేని ఈ పోటీ ఎలా ఉండేదో చెప్పుకోవాలి. నలుగురు ఒకరి వెనక ఒకరు, చక్రానికి చక్రం తగిలీ తగలనట్టు సాగుతారు. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు. వెనకున్న ముగ్గురు ఆ గాలిచాటున కొంత బలం మిగుల్చుకుంటారు. కొన్ని క్షణాలకు ముందువాడు పక్కకు తప్పుకుని చివరికి చేరతాడు, రెండోవాడు ముందుకొస్తాడు. వంద కిలోమీటర్లూ ఇదే తంతు. చివర్లో లెక్కకొచ్చేది మూడోవాడి సమయం కాబట్టి అందరికన్నా బలమైనవాడు ఎగబాకి ప్రయోజనం లేదు, అలిసినవాణ్ని కాచుకుని నడిపించాలి. పోలండ్ సోవియట్ జట్టు వెనక రెండో స్థానంలో నిలిచింది. షుర్కోవ్‌స్కికి అది రెండో ఒలింపిక్ రజతం. లాంగ్ ఆ నలుగురిలో లేడు. అయినా తన వంతు గాలికి ఎదురెళ్లి, తర్వాత తప్పుకుని, మరొకడిని ముందుకు పంపే ఈ పద్ధతి లాంగ్ మిగతా జీవితమంతా ఏదో రూపంలో కనిపిస్తూనే ఉంటుంది.

1980 ఆయన జీవితంలో పెద్ద ఏడాది. జులై 28న మాస్కోలోని క్రిలాత్‌స్కోయె గుట్టల మధ్య 189 కిలోమీటర్ల ఒలింపిక్ రోడ్ రేసు జరిగింది. అమెరికా సహా చాలా దేశాలు ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. ఆ రేసు వరకూ బహిష్కరణ వల్ల పతకం విలువ తగ్గిందనే మాటను నేను ఒప్పుకోను. అప్పటి అమెచ్యూర్లలో మేటి రైడర్ సెర్గేయ్ సుఖొరుచెన్కొవ్ అక్కడే ఉన్నాడు, అదీ సొంత దేశంలో, సొంత జనం ముందు. అతను ఒంటరిగా దూసుకుపోయి దాదాపు మూడు నిమిషాల ఆధిక్యంతో స్వర్ణం పట్టుకుపోయాడు. వెనక మిగిలింది లాంగ్, మరో సోవియట్ రైడర్ యూరి బారినొవ్. చివరి పరుగులో లాంగ్ గెలిచి, ఇద్దరు సోవియట్ రైడర్ల మధ్య పోలండ్ జెండాను నిలబెట్టాడు. అదే ఏడాది పోలండ్ జాతీయ పర్యటన రేసు టూర్ డి పొలోన్ కూడా గెలిచాడు. ఒలింపిక్స్ ముగిసిన కొద్ది రోజులకే గ్దాన్‌స్క్ ఓడల కార్ఖానాలో సమ్మె మొదలైంది, సాలిడారిటీ కార్మిక సంఘం పుట్టింది. 1981 డిసెంబర్ 13న దేశంలో సైనిక శాసనం విధించారు. సరిహద్దులు మూసేశారు. వీధుల్లో ట్యాంకులు తిరిగాయి.

ఆ గడ్డు రోజుల్లోనే, 1982లో, లాంగ్ ఇటలీకి చెందిన జిస్ జెలాటి జట్టులో చేరాడు. తూర్పు కూటమి నుంచి వృత్తి సైక్లింగ్ కాంట్రాక్టు మీద సంతకం చేసిన తొలి రైడర్ ఆయనే. జిస్ జెలాటి ఐస్‌క్రీమ్ కంపెనీ. నిన్నటిదాకా సైనిక క్లబ్బు చొక్కా వేసుకున్నవాడు ఐస్‌క్రీమ్ పేరున్న చొక్కాతో ఇటలీ కొండల్లో తిరగడం ఆనాటి పోలండ్‌లో ఎంత వింతగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. దేశం విడిచి పారిపోయి ఉంటే అది ఒక మనిషి కథగా ముగిసేది. లాంగ్ పారిపోలేదు. పోలిష్ రైడర్‌గా వెళ్లి పోలిష్ రైడర్‌గానే ఉన్నాడు. దాంతో వెనకవాళ్లకు దారి ఏర్పడింది. ఆయన సాధించినవాటిలో మాస్కో రజతం కన్నా దీన్నే నేను పెద్దగా లెక్కిస్తాను.

ఇటలీలో ఆయన 1980ల చివరి వరకు ఉన్నాడు. తర్వాత జీన్స్ కంపెనీ కరేరా, వంటగది సామాన్ల కంపెనీ డెల్ టోంగో, ఆ పైన మాల్వోర్ జట్లకు తొక్కాడు. పెద్ద గెలుపులు లేవు. ఒలింపిక్ పతకధారికి అక్కడ దక్కిన పని నాయకుడికి సాయం చేయడం. కారు దగ్గరికి వెనక్కి వెళ్లి నీళ్ల సీసాలు చొక్కాలో కుక్కుకుని తెచ్చివ్వాలి. నాయకుడికి గాలి తగలకుండా గంటల తరబడి ముందుండాలి. అతని చక్రం పంక్చరైతే తన చక్రం తీసివ్వాలి. ఇలాంటివాళ్ల పేర్లు ఫలితాల పట్టికలో చివరి పేజీలో ఎక్కడో ఉంటాయి. పత్రికలు వాళ్ల గురించి రాయవు. కానీ జట్టు యజమానులకు వాళ్ల విలువ తెలుసు. లాంగ్ తర్వాత పోలిష్ రైడర్లను ఇటాలియన్ జట్లు వెతుక్కుంటూ రావడానికి ఆయన పనితనం ఒక కారణమని నా నమ్మకం.

వెనకొచ్చినవాళ్లు ఆయన్ని మించిపోయారు. 1985లో శాంతి రేసునూ, అమెచ్యూర్ ప్రపంచ టైటిల్‌నూ గెలిచిన లెఖ్ ప్యాసెత్స్కి డెల్ టోంగోలో చేరాడు. 1987 టూర్ డి ఫ్రాన్స్ పశ్చిమ బెర్లిన్‌లో మొదలైంది. చుట్టూ గోడ ఇంకా నిలబడే ఉంది. ఆ గోడ లోపల, తూర్పు కూటమి నుంచి వచ్చిన రైడర్ ఒంటి మీదికి, ఆధిక్యంలో ఉన్నవాడికిచ్చే టూర్ పసుపు జెర్సీ మొదటిసారి ఎక్కింది. అతనే ప్యాసెత్స్కి. మరుసటి ఏడాది వృత్తి సైక్లిస్టుల ట్రాక్ పర్స్యూట్‌లో ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు. సోవియట్ రైడర్లు జట్టుగా వృత్తి రంగంలోకి వచ్చింది 1989లో, ఆల్ఫా లుమ్ జట్టుతో. అంటే లాంగ్ తర్వాత ఏడేళ్లకు.

యోఆఖిమ్ హలుప్చోక్‌ను తలచుకుంటే మాత్రం మనసు బరువెక్కుతుంది. 1988 సోల్ ఒలింపిక్స్ జట్టు టైమ్ ట్రయల్‌లో రజతం గెలిచిన నలుగురిలో ఒకడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని షాంబెరీలో అమెచ్యూర్ ప్రపంచ చాంపియన్. 1990లో ఇటాలియన్ జట్టులో అడుగుపెట్టాడు. షుర్కోవ్‌స్కి వారసుడు దొరికాడని అంతా అనుకున్నారు. గుండె లయ తప్పే జబ్బు బయటపడి సైకిల్ దిగాల్సి వచ్చింది. 1994 ఫిబ్రవరిలో, పాతికేళ్ల వయసులో, ఒపోలెలో ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్లి కుప్పకూలి చనిపోయాడు.

సోల్‌లో ఆ నలుగురిలో మరొకడు జెనోన్ యాస్కువా. 1993 టూర్ డి ఫ్రాన్స్‌లో ఇటలీ జట్టు జీబీ-ఎంజీ తరఫున దిగాడు. అండోరా నుంచి పైరినీస్ కొండల్లోని ప్లా దాదె శిఖరం దాకా సాగిన స్టేజీలో చివరి ఎక్కుడులో ముగ్గురు మిగిలారు. మిగెల్ ఇందురాయిన్, టోనీ రోమింగర్, యాస్కువా. మొదటి ఇద్దరూ ఆ కాలపు రారాజులు. గెలిచింది యాస్కువా. పారిస్‌లో ఆ ముగ్గురే పోడియం ఎక్కారు. ఇందురాయిన్ కన్నా 5 నిమిషాల 48 సెకన్లు వెనకబడి యాస్కువా మూడో స్థానం దక్కించుకున్నాడు. టూర్ పోడియం మీద నిలబడిన తొలి పోలండ్ రైడర్ అతను. లాంగ్ ఐస్‌క్రీమ్ చొక్కా వేసుకుని అప్పటికి పదకొండేళ్లు.

అదే 1993లో లాంగ్ మరో బరువు తలకెత్తుకున్నాడు. టూర్ డి పొలోన్ నిర్వహణ. ఆ రేసు చరిత్ర శాంతి రేసు కన్నా పాతది. 1928 సెప్టెంబర్‌లో వార్సా సైక్లింగ్ సంఘం, ఒక క్రీడా పత్రిక కలిసి దాన్ని మొదలుపెట్టాయి. బిద్గోష్చ్‌కు చెందిన ఫెలిక్స్ వ్యెన్‌సెక్ మొదటి విజేత. యుద్ధానికి ముందు ఒక ఏడాది జరిగితే మరో ఏడాది జరిగేది కాదు. యుద్ధం తర్వాత పార్టీ అండదండలన్నీ శాంతి రేసుకే పోవడంతో సొంత దేశపు రేసు సవతి బిడ్డయింది. 1989లో పాత వ్యవస్థ కూలాక రెండు రేసులకూ ప్రభుత్వ సొమ్ము ఆగిపోయింది. శాంతి రేసు ఈడ్చుకుంటూ 2006 దాకా వచ్చి ఆగిపోయింది. టూర్ డి పొలోన్ బతికింది. తేడా లాంగ్ ఉండటమే అంటే అతిశయోక్తి అనుకోను. ఇటలీలో ఉన్నన్నాళ్లూ ఆయన నీళ్ల సీసాలు మోస్తూనే రేసు ఎలా నడుస్తుందో చూశాడు. స్పాన్సర్‌తో ఏం మాట్లాడాలి, టీవీకి ఏం కావాలి, ఊరి మేయర్‌ను ఎలా ఒప్పించాలి, ఇవన్నీ ఏ శిక్షణ కేంద్రంలోనూ నేర్పరు.

మొదటి ఏడాది విజేత దారియుష్ బరనోవ్‌స్కి, పోలండ్ వాడే. తర్వాత విదేశీ జట్ల రాక పెరిగింది. 2005లో ప్రపంచ అగ్రశ్రేణి రేసుల కోసం ప్రోటూర్ మొదలైనప్పుడు, మొదటి పట్టికలోనే టూర్ డి పొలోన్‌కు చోటు దొరికింది. సైక్లింగ్ సంప్రదాయాన్ని ఇటలీ, ఫ్రాన్స్, బెల్జియం, స్పెయిన్ దేశాలు తమ సొత్తుగా భావించే ఆ ప్రపంచంలో ఇది చిన్న విషయం కాదు. పీటర్ సగాన్ 2011లో ఇక్కడ గెలిచాడు, జొనాస్ వింగెగార్డ్ 2024లో గెలిచాడు. 2013లో రేసును ఇటలీలోని ట్రెంటినో కొండల్లో ప్రారంభించాడు లాంగ్. తనకు బతుకుతెరువు చూపిన గడ్డ మీదికి తన దేశపు రేసును తీసుకెళ్లాడు.

ఈ రేసు మనసు చూడాలంటే తత్రా కొండల్లోని బుకోవినా స్టేజీ చూడాలి. గ్లిచారూఫ్ ఊరి మీదుగా పోయే సన్నటి రోడ్డు కొన్ని చోట్ల 20 శాతం దాటిన వాలుతో లేస్తుంది. అక్కడ పెద్ద పెద్ద రైడర్లు కూడా కూర్చుని తొక్కలేక లేచి నిలబడి సైకిల్‌ను అటూ ఇటూ ఊపుతారు. రెండు పక్కలా జనం చేయి చాస్తే తగిలేంత దగ్గరగా నిలబడతారు. టికెట్ లేదు. ఇంటి ముందు బెంచీ వేసుకుని తాతలు, వాళ్ల పక్కన జెండాలు పట్టుకున్న పిల్లలు. ఆ పిల్లల కోసం లాంగ్ రేసుతోపాటు చిన్న పందేలు కూడా పెట్టించాడు. అదే ముగింపు గీత మీదికి వాళ్లూ తొక్కుకుంటూ వస్తారు.

చీకటి రోజులూ ఉన్నాయి, వాటిని దాటేయడం సరికాదు. 2019 ఆగస్టు 5న మూడో స్టేజీలో బెల్జియం కుర్రాడు బ్యోర్గ్ లామ్‌బ్రెహ్ట్ రోడ్డు పక్కకు జారి పడి చనిపోయాడు. వయసు 22. మర్నాడు స్టేజీని పోటీ లేకుండా, అతని స్మృతిలో నెమ్మదిగా నడిపారు. సరిగ్గా ఏడాదికి, 2020 ఆగస్టు 5న, కతోవిత్సెలో ముగింపు గీత దగ్గర డిలన్ గ్రూనెవేగెన్ పక్కకు జరిగి ఫాబియో యాకొబ్సెన్‌ను బారికేడ్ల మీదికి నెట్టాడు. యాకొబ్సెన్ కోమాలోకి వెళ్లి, బతికి, మరుసటి ఏడాదే మళ్లీ గెలిచాడు. గ్రూనెవేగెన్ మీద తొమ్మిది నెలల నిషేధం పడింది. అయితే తప్పంతా ఒక్క రైడర్ మీదికి నెట్టడం నాకు న్యాయంగా తోచదు. పల్లానికి దిగుతూ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ముగిసే గీత అది. అలాంటి ముగింపు ప్రమాదకరమని రైడర్లు అన్నారు. ఆ మాట నిర్వాహకుడిగా లాంగ్‌కు తగలాల్సిందే. ఆయన్ని మెచ్చుకునేవాళ్లు కూడా దీన్ని మరిచిపోకూడదు.

రేసు సొంత దేశపు రైడర్లకు ఏమిచ్చింది? 2003లో చెజారి జమానా గెలిచాక పదేళ్లకు పైగా పోలండ్ విజేత లేడు. 2014లో రఫావ్ మైకా వచ్చాడు. ఆ జులైలో టూర్ డి ఫ్రాన్స్‌లో తన నాయకుడు అల్బెర్తో కొంతదోర్ పడిపోయి తప్పుకోవడంతో, సహాయకుడిగా వచ్చిన మైకాకు స్వేచ్ఛ దొరికింది. రిసూల్‌లో ఒక స్టేజీ గెలిచాడు. యాస్కువా తర్వాత ఇరవై ఒక్క ఏళ్లకు పోలండ్‌కు దక్కిన స్టేజీ అది. నాలుగు రోజులకు మరొకటి గెలిచాడు, అదే ప్లా దాదె శిఖరం మీద. కొండల రాజుకిచ్చే చుక్కల జెర్సీతో ఇంటికొచ్చి, ఆగస్టులో టూర్ డి పొలోన్ కూడా గెలిచాడు. సెప్టెంబర్‌లో మిహావ్ క్వ్యాత్కోవ్‌స్కి స్పెయిన్‌లోని పొన్‌ఫెరాదాలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. క్వ్యాత్కోవ్‌స్కి 2018లో టూర్ డి పొలోన్ గెలిచాడు. మైకా 2016 రియో ఒలింపిక్స్ రోడ్ రేసులో కాంస్యం తెచ్చాడు. మాస్కోలో లాంగ్ రజతం తర్వాత పురుషుల ఒలింపిక్ రోడ్ రేసులో పోలండ్‌కు వచ్చిన పతకం అదే. మధ్యలో 36 ఏళ్లు.

షుర్కోవ్‌స్కి 2021 ఫిబ్రవరి 1న కన్నుమూశాడు. మైకా 2025 అక్టోబర్‌లో లొంబార్దియా రేసుతో సైకిల్ దిగాడు. పోలండ్ రైడర్ ఎవరూ పురుషుల టూర్ డి ఫ్రాన్స్ ఇప్పటిదాకా గెలవలేదు. 1993లో యాస్కువా సాధించిన మూడో స్థానమే ఈనాటికీ ఆ దేశానికి అక్కడ దక్కిన అత్యున్నత స్థానం.